ఈస్టు కణములో పాలుపంపకములు

తెల్లవారుజామున తాటిచెట్టునుండి దించిన తీయని నీరా ప్రొద్దెక్కునప్పటికి నురుగు గట్టి, పులిసి, కల్లగుట మన పల్లెలలో ఎల్లరు నెరిగినదే. రొట్టెల అంగడిలో పిసికి పెట్టిన మైదాపిండి ఉబికి రెండింతలగుటయు అట్టిదే. ఈ రెండు చోట్లను పనిచేయునది ఈస్టు అను సూక్ష్మజీవి. దాని కణములను ప్రక్కప్రక్కన పేర్చినచో ఒక్క మిల్లీమీటరు పొడవునకు రమారమి రెండువందలు పట్టును. పంచదారను తిని, సారాను, బొగ్గుపులుసు వాయువును విడుచుట దాని వృత్తి. ఆ వృత్తితో నేడు మనకు పని లేదు. అది తన సంతతికి ఆస్తిని పంచియిచ్చు తీరు మిగుల విచిత్రమైనది. అన్నదమ్ముల పంపకములలో తలపండిన పెద్దమనుష్యులు కూడ కొన్ని పొరపాట్లు చేయుదురు. ఈ కంటి కానని జీవి చేయు పొరపాటు లక్షకు ఒకటి.

ఈస్టు కణము మొగ్గ తొడిగి పెరుగును. తల్లికణము ప్రక్కన చిన్న మొటిమవంటిది పుట్టి, పెద్దదై, తన పాలు తాను పుచ్చుకొని వేరుపడును. తిండికి కొదువ లేనిచో ఇదంతయు గంటన్నరలో ముగియును. ఒక్క కణముతో ఆరంభించి లెక్కవేసిన, ఒక దినమునకు పదునారు తరములు, అనగా 65,536 కణములు. ప్రయోగశాలలలో సాధారణముగ పెంచు ఈస్టు కణపు కేంద్రకములో పదునారు క్రోమోసోములుండును. ఒక్కొక్క క్రోమోసోము పొడవైన ఒక డి.ఎన్.ఎ. దారము. ఆ దారముల మీద రమారమి ఆరువేల జన్యువులు, కోటి యిరువది లక్షల అక్షరములలో, వ్రాయబడియున్నవి. ఈ వ్రాతనంతయు 1996లో చదివి ముగించిరి. కేంద్రకము గల జీవులలో మొదట సంపూర్ణముగ చదువబడినది ఈస్టే.

పంపకమునకు ముందు కణము ప్రతి క్రోమోసోమునకును నకలు తీయును. అప్పుడు పదునారు జంటలేర్పడును. ప్రతి జంటలో ఒకటి తల్లికి, ఒకటి బిడ్డకు పోవలెను. రెండును ఒకే వైపునకు పోరాదు. చీట్లు వేసి పంచుకొనినచో ఏమగును? ఒక జంట సరిగా విడిపోవుటకు సగము అవకాశము. పదునారు జంటలును సరిగా విడిపోవుటకు 65,536లో ఒక్క అవకాశము. ఒక దినములో పుట్టు కణములన్నిటిలో ఒక్కదానికి సరియైన ఆస్తి దక్కునన్నమాట! కాని యథార్థముగ, ఏ ఒక క్రోమోసోమునైనను తీసికొని చూచినచో, అది లక్ష విభజనలకు ఒకసారి మాత్రమే తప్పిపోవును. ఈ వ్యత్యాసమునకు కారణమేమి?

ముందుగా పంపకపు సామగ్రిని చూతము. నకలు తీయబడిన వెంటనే జంటలోని రెండు దారములును కోహీసిన్ అను ప్రోటీను వలయములతో కట్టబడును. ఈ కట్టు లేనిచో ఏది దేనికి జంటయో కణమునకు తెలియు మార్గము లేదు. కేంద్రకములో రెండు ధ్రువములకు నడుమ సన్నని నాళికలతో ఒక కండె ఏర్పడును. మన చేనేతవారి కండెవలె నడుమ ఉబ్బి, కొసలు సన్నగిలి యుండుటచే దానికా పేరు కలిగినది. ప్రతి క్రోమోసోము మీదను సెంట్రోమియర్ అను ఒక చోటు కలదు. ఈస్టులో అది కేవలము నూట యిరువదియైదు అక్షరముల తునక. దానిని తొలిసారి వేరుచేసి చూపినవారు కాలిఫోర్నియాలో లూయీస్ క్లార్క్, జాన్ కార్బన్ అనువారు, 1980లో. ఆ తునక మీద పదులకొలది ప్రోటీనులు కూడి ఒక కొక్కెముగ నేర్పడును. శాస్త్రజ్ఞులు దానిని కైనెటోకోర్ అందురు. మనము కొక్కెమే అందము. కండెనుండి వచ్చిన పోగు ఈ కొక్కెమునకు తగులుకొనును. మనుష్య కణములో ఒక కొక్కెమునకు అనేకములైన పోగులు తగులుకొనును. ఈస్టులో ఒక్కటే. ఆ ఒక్క పోగు తెగిన, వేరొక ఆధారము లేదు.

జంటలోని ఒక దారము ఒక ధ్రువపు పోగునకు, రెండవది ఎదుటి ధ్రువపు పోగునకు తగులుకొనవలెను. పదునారు జంటలకును ఇట్లు అమరిన పిమ్మట కోహీసిన్ కట్టులను తెంచవలెను. ముందు తెంచినచో సర్వము చెడును. కాగా, కట్టులు తెంచుటకు తగిన వేళ యేదో కణమునకు ఎట్లు తెలియును?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన పద్ధతి సమాధానమంత ముచ్చటైనది. స్టేషనులో ఒక రైలు ఆగియున్నదనుకొనుడు. చక్రము విరిగి ఆగినదా? లేక సిగ్నలు ఇయ్యబడనందున ఆగినదా? ప్లాట్‌ఫారము మీద నిలుచుండి చూచువానికి రెండును ఒక్కతీరుగనే కనబడును. కండెను విషముతో చెరచినచో ఈస్టు కణము విభజనను ఆపివేయునని బహుకాలముగ తెలిసినదే. కండె లేనందున శక్తి చాలక ఆగుచున్నదా, లేక ఎవరో ఆపుచున్నారా? అమెరికాలో సియాటిల్ నగరమున లీలండ్ హార్ట్‌వెల్, తన సహచరుడు టెడ్ వైనర్ట్‌తో కలిసి, 1988లో ఇట్టి చిక్కునే మరియొక సందర్భములో విడదీసెను. ఎక్స్ కిరణములతో డి.ఎన్.ఎ.ను గాయపరచినచో మామూలు ఈస్టు ఆగి, గాయమును మాన్పుకొని, పిమ్మట విభజనకు పూనుకొనును. రాడ్ 9 అను జన్యువు చెడిన ఈస్టు ఆగక, గాయముతోనే విభజన సాగించి చచ్చును. అనగా గాయమే కణమును ఆపుటలేదు. గాయమును చూచి ఆపువాడొకడున్నాడు. ఆ ఆపువాడు లేనిచో రైలు విరిగిన చక్రముతోనే కదలును. ఇట్టి కావలి స్థానములకు 1989లో హార్ట్‌వెల్, వైనర్ట్‌లు చెక్‌పాయింటులని పేరు పెట్టిరి. మన రహదారుల మీది చెక్‌పోస్టు నెరిగినవారికి ఈ పేరు వివరింప నక్కర లేదు. కణవిభజనను శాసించు జన్యువులను ఈస్టులో వెదకి పట్టినందులకు హార్ట్‌వెల్ 2001లో నోబెల్ బహుమానమును పాల్ నర్స్, టిమ్ హంట్ అనువారితో పంచుకొనెను.

కండెకు కూడ ఇట్టి కావలివాడుండునా? 1991లో రెండు బృందములు ఒకే పత్రికలో సమాధానమిచ్చినవి. ఒకటి సాన్‌ఫ్రాన్సిస్కోలో రాంగ్ లీ, ఆండ్రూ మరేలది. రెండవది బాల్టిమోరులో ఆండ్రూ హోయిట్ బృందము. ఇరువురు వాడినదియు బెనోమిల్ జాతి మందే. ఇది పైరులకు పట్టు బూజు తెగుళ్లపై చల్లుటకు చేయబడిన మందు. కండె పోగులను కరగించుట దాని గుణము. దానిని పలుచగ కలిపినచో కండె పూర్తిగ నశింపక, కట్టుకొనుటకు ఆలస్యమగును. మామూలు ఈస్టు ఓపికతో ఆ ఆలస్యమును భరించి బ్రతికి పెరుగును. కావలివాడు లేని ఈస్టు ఓపిక పట్టక, సగము కట్టిన కండెతోనే పంపకము చేసికొని నశించును.

చచ్చినదానిని పరీక్షించుటెట్లని మీరడుగవచ్చును. దానికొక యుక్తి కలదు. ఒక పళ్లెములో విడివిడిగ పెరిగిన వేలకొలది ఈస్టు గుంపుల మీద మఖమలు గుడ్డను అద్ది, అదే గుడ్డను బెనోమిల్ కలిపిన మరియొక పళ్లెము మీద అద్దుదురు. ముగ్గు అచ్చువలె అదే వరుసలో గుంపులు అచ్చట దిగును. రెండవ పళ్లెములో ఏ గుంపు మొలవలేదో చూచుకొని, మొదటి పళ్లెములో దాని సజీవమైన తోబుట్టువును పట్టుకొందురు. అందును కేవలము విషమునకు తాళలేనివానిని వదలి, ఆగవలసినచోట ఆగక చచ్చినవానిని మాత్రమే ఏరిరి. ఇట్లు దొరకిన జన్యువులకు సాన్‌ఫ్రాన్సిస్కోవారు మ్యాడ్ 1, 2, 3 అనియు, బాల్టిమోరువారు బబ్ 1, 2, 3 అనియు పేర్లిడిరి. మ్యాడ్ అనగా ‘విభజనలో ఆగుట యందు లోపము’ అను అర్థము గల ఆంగ్లపదముల మొదటి అక్షరములు. ఇంగ్లీషులో దానికి వెఱ్ఱి అను అర్థము కూడ ఉండుట శాస్త్రజ్ఞులు తెలిసియే చేసిన చమత్కారమై యుండును.

ఈ కావలివాడు ఎంత పట్టుదల గలవాడనగా, పదునారు జంటలలో పదునైదు సరిగ అమరి, ఒక్క కొక్కెము మాత్రము ఒంటరిగ మిగిలినను సిగ్నలు ఇయ్యడు. దీనికి కన్నులార చూచిన సాక్ష్యము ఈస్టులో కాక, పొటొరూ అను చిన్న కంగారూజాతి జంతువు కణములలో దొరకినది. వాని క్రోమోసోములు కొలదిగా, పెద్దవిగా ఉండుటచే సూక్ష్మదర్శినిలో తేటగ కనబడును. 1995లో న్యూయార్కు రాష్ట్రములో కొన్లీ రీడర్ బృందము, తగులుకొనక మిగిలిన ఆ కట్టకడపటి కొక్కెమును లేసరు కిరణముతో కాల్చివేసిరి. సుమారు పదునేడు నిమిషములకు కణము పంపకము ఆరంభించినది. ఆ క్రోమోసోము అమరినదని కాదు; ‘నాకింకను అందలేదు’ అని అరచు నోరు మూతపడినదని.

ఆ అరపు ఎట్టిదో ఇప్పుడు చాలవరకు తెలిసినది. కోహీసిన్ కట్టులను తెంచు కత్తెర ఒకటి కణములో ముందే సిద్ధముగ నుండును. దాని పేరు సెపరేస్. 1999లో వియన్నాలో కిమ్ నాస్మిత్ బృందము ఆ కత్తెర కోహీసిన్‌ను కోయుటను ఈస్టులోనే చూపిరి. ఆ కత్తెరకు సెక్యూరిన్ అను ఒర తొడిగియుండును. ఆ ఒరను ధ్వంసము చేయవలసినది ఎ.పి.సి. అను ప్రోటీనుల పెద్ద కూటము; దానికి సి.డి.సి. 20 అను తోడు కావలెను. ఒంటరి కొక్కెము మీద మ్యాడ్, బబ్ ప్రోటీనులు చేరును. అచ్చట మ్యాడ్ 2 తన ఆకారమును మార్చుకొని, ఆ తోడును పట్టి బిగించును. అచ్చట బయలుదేరినవి కేంద్రకమంతయు సంచరించి, ఎ.పి.సి.కి తోడు దొరకకుండ చేయును. తోడు లేదు కనుక ఒర తొలగదు. ఒర తొలగదు కనుక కత్తెర కదలదు. కొక్కెమునకు పోగు తగులుకొనగనే దాని మీది మ్యాడ్ ప్రోటీనులు జారిపోవును. కడపటి కొక్కెము కూడ నిశ్శబ్దమైన పిమ్మట తోడు విడుదలయగును, ఒర ఊడును, కట్టులన్నియు ఒక్క పెట్టున తెగును.

ఇంతటితో కథ ముగియదు. జంటలోని రెండు కొక్కెములును ఒకే ధ్రువపు పోగులకు తగులుకొన్నచో? రెండును తగులుకొన్నవే, ఒంటరి యేదియు లేదు. కాని కట్టు తెగినచో రెండు దారములును ఒకే వైపునకు పోవును. ఇట్టి పొరపాటు అరుదు కాదు. ఈస్టు కణములో తొలుత తగులుకొను పోగులు తరచుగ పాత ధ్రువమునుండియే వచ్చును. దీనిని కణము బిగువును బట్టి గ్రహించును. పడుగు సాగదీసిన నేతగాడు పోగులను కన్నులతో లెక్కింపడు. అరచేయి ఆనించి, వదులైన పోగును పట్టును. అట్లే రెండు ధ్రువములును చెరియొక వైపు లాగుచుండ, నడుమ కోహీసిన్ కట్టు విడువకున్నచో, దారము బిగియును. రెండును ఒకే వైపునకు లాగబడినచో బిగువు లేదు. అమెరికాలో బ్రూస్ నిక్లాస్ 1969లో మిడుత కణములో తప్పుగ తగులుకొన్న క్రోమోసోమును అతి సన్నని గాజుసూదితో ఎదుటి వైపునకు లాగి పట్టెను. లాగి పట్టినంతసేపు ఆ తగులు ఊడలేదు; బిగువే తగులును నిలిపినది.

ఈస్టులో వదులు పోగులను ఏరివేయునది ఐ.పి.ఎల్. 1 అను ప్రోటీను. ఇది బిగువు లేని కొక్కెమునుండి పోగును ఊడదీయును. కొక్కెము మరల వెదకును, మరల తగులుకొనును. మరల తప్పైనచో మరల ఊడును. బిగిసినప్పుడు మాత్రమే నిలుచును. ఊడిన ప్రతిసారియు కొక్కెము ఒంటరియై మ్యాడ్ ప్రోటీనులను పిలుచును గనుక, కావలి ఆ సందడిలో సడలదు. 2010లో సియాటిల్ పరిశోధకులు కణమే లేకుండ, శుద్ధిచేసిన ఈస్టు కొక్కెములను పోగునకు తగిలించి కొలిచి చూచిరి. కొంతమేరకు లాగినకొలది పట్టు ఎక్కువసేపు నిలిచినది. లాగిన ఊడవలసిన వస్తువు లాగుటచే గట్టిపడుట ఈ కథయంతటిలో నాకు మిగుల అబ్బురముగ తోచిన అంశము.

మొగ్గతొడుగు ఈస్టునకు మరియొక చిక్కు గలదు. బిడ్డ ఎచ్చట పుట్టునో ముందే నిర్ణయమైనది గనుక, కండె తల్లి బిడ్డల నడిమి ఇరుకు మెడకు పోయి నిలువవలెను. తల్లిలోనే పంపకము జరిగిన, తల్లికి రెండు కేంద్రకములు, బిడ్డకు శూన్యము. దీనిని కనిపెట్టు కావలి వేరొకటి. కండె ధ్రువమొకటి బిడ్డలో అడుగిడినగాని అది విభజనను ముగియనీయదు. వింత యేమనగా, 1991లో దొరకిన బబ్ 2 ఈ రెండవ కావలికి చెందినదని తరువాత తేలినది.

ఈ కావలివాండ్రను పూర్తిగ తొలగించినను, బెనోమిల్ వంటి ఆపద లేనంతవరకు, ఈస్టు బ్రతుకును. క్రోమోసోములు తరచుగ తప్పిపోవును, అంతే. కాని ఎలుకలో మ్యాడ్ 2 జన్యువు రెండు ప్రతులను తొలగించినచో పిండము తొలిదినములలోనే నశించును. అవే ప్రోటీనులు, కొలది మార్పులతో, మనుష్య కణములోను కలవు. ఈస్టును గూర్చి ఇంత ప్రయాసపడుటకు కారణమిదే.

పంపకము తప్పుటవలన మనుష్యులకు కలుగు ఫలితములలో బాగుగ తెలిసినది డౌన్ సిండ్రోము. ఆ శిశువుల కణములలో ఇరువదియొకటవ క్రోమోసోము రెండునకు బదులు మూడుండునని 1959లో ఫ్రాన్సులో జెరోమ్ లెజూన్, మార్త్ గోతియే, రేమన్ తుర్పెన్ అనువారు ప్రకటించిరి. ఈ తప్పు ఎక్కువభాగము తల్లి అండము తయారగునప్పుడు జరుగును. ఆడశిశువు తన తల్లి గర్భములో నుండగనే ఆమె అండకణములు విభజన నారంభించి, నడుమ ఆగి, ఇరువది ముప్పది నలువది యేండ్లు అట్లే యుండును. క్రోమోసోములను కట్టియుంచు కోహీసిన్ వలయములు ఆనాడు కట్టినవే. ఎలుకలలో చూడగా, అవి మరల క్రొత్తగ కట్టబడవనియు, వయసుతో సడలుననియు తెలిసినది. అంతియ కాదు, అంత పెద్ద కణములో కావలి కూడ ఈస్టులోనంత కఠినము కాదు. తల్లి వయసు పెరిగినకొలది ఇట్టి జననములు హెచ్చుటకు ఇది ఒక ముఖ్య కారణము. గర్భిణి గ్రహణమునాడు కత్తిపీట పట్టినదనియు, ఏదో తినరానిది తిన్నదనియు తల్లిని దూషించు ఇండ్లు మనలో ఇంకను కలవు. ఈ సంగతి ఆ ఇండ్లకు చేరవలెను. ఏ తప్పు జరిగినను అది కంటికి కానని పోగులలో, ఆమె ఎరుక లేకుండ జరిగినది.

రెండవది పుట్టకురుపు, అనగా క్యాన్సరు. క్యాన్సరు కణములలో క్రోమోసోముల లెక్క తరచుగ తప్పియుండును. జర్మనీలో థియొడోర్ బొవేరి 1914లోనే ఈ రెంటికిని సంబంధమును ఊహించెను. వైద్యులు ఆ కణములను చంపుటకు వాడు కొన్ని మందులు కండె మీదనే దెబ్బ తీయును. మన పెరళ్లలో ఊదారంగు పూలు పూయు బిళ్లగన్నేరునుండి తీయబడు విన్‌క్రిస్టిన్ అట్టిది. అమెరికాలో 1963లో అనుమతి పొందిన ఈ మందు బాలల రక్తక్యాన్సరు చికిత్సలో నేటికిని ముఖ్యమైనది. అది పోగులు కట్టనీయదు. కొక్కెములు ఒంటరిగ మిగులును, కావలివాడు ఆపును, కణము ఆగియాగి నశించును. ఆకు నమిలినంత మాత్రమున ఈ ఫలము కలుగదు, పైగా ప్రమాదము. సూదిమందుగ, కొలత తప్పక, ఆసుపత్రిలో ఇయ్యవలసినదది. నరములకును అట్టి నాళికలే ఆధారము గనుక, ఈ మందు పుచ్చుకొనువారికి కాళ్లు చేతులు తిమ్మిరెక్కుట కలదు.

ఐతే కొన్ని క్యాన్సరు కణములు గంటలకొలది ఆగి, కావలివాడు అలసిపోగా, సగము పంపకముతోనే జారుకొని బ్రతుకును. ఇందుచేత కొందరు పరిశోధకులు దీనికి విరుద్ధమైన త్రోవ పట్టిరి. కావలివానిని మేల్కొలుపుటకు బదులు, అతనిని నిద్రపుచ్చుట. అసలే లెక్క తప్పియున్న కణము ఆ తొందరలో మరింత తప్పుగ పంచుకొని, బ్రతుకలేనంతగా చెడునని వారి ఆశ. కావలి ప్రోటీనులను కొక్కెము మీదికి పిలుచు ఎం.పి.ఎస్. 1 అను ప్రోటీనును అణచు మందులు ఇందుకొరకు తయారైనవి. ఈ ప్రోటీను జన్యువు కూడ మొదట దొరకినది ఈస్టులోనే. ఆ మందులలో కొన్నిటిని రోగులపై పరీక్షించిరి. మామూలు చికిత్సగ అవి ఇంకను వాడుకలోనికి రాలేదు.